తిరుపతి జిల్లాలో చిన్న వయసు కాన్పుల మీద పీజీ డిసర్టేషన్: ఎవరిని అడగాలి, ఎంతమందిని అడగాలి?

రేణిగుంట_విద్యార్థిని:

అందరికీ నమస్కారం అండి. తిరుపతిలో పాపులేషన్ స్టడీస్ పీజీ రెండో ఏడాది చదువుతున్నాను. డిగ్రీలో జువాలజీ, అందుకని స్టాటిస్టిక్స్ కొంచెం బలహీనం. మూడు వారాల్లో సినాప్సిస్, అంటే పరిశోధన ప్రణాళిక, ఇవ్వాలి. విషయం గైడ్ గారు ఒప్పుకున్నారు: తిరుపతి జిల్లాలో బాల్య వివాహాలు, చిన్న వయసు గర్భాలు.

నేను అనుకున్న పద్ధతి ఇది. ఆశ వర్కర్ల దగ్గర, ప్రసూతి ఆసుపత్రి రిజిస్టర్లలో పేర్లు తీసుకుని 15 నుంచి 18 ఏళ్ళ మధ్య ఉన్న 200 మంది గర్భిణులను కలిసి ప్రశ్నావళి నింపడం. మొదటి అధ్యాయంలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, అంటే ఎన్ఎఫ్‌హెచ్‌ఎస్-5 నుంచి తిరుపతి జిల్లా అంకెలు పెట్టి, నా 200 మంది అంకెలతో పోల్చడం.

200 సరిపోతుందా? ఆ డేటాలో తిరుపతి జిల్లాను ఎట్లా విడదీయాలి? ఇంకొకటి, ఈ పీజీ తర్వాత పీహెచ్‌డీకి వెళ్ళాలా, పబ్లిక్ హెల్త్ వైపు వెళ్ళాలా అన్నది కూడా తెలిసినవాళ్ళు చెప్పండి.

లెక్కల_పలక:

ముందు జిల్లా సంగతి తేల్చుకుందాం. ఎన్ఎఫ్‌హెచ్‌ఎస్-5లో తిరుపతి జిల్లా లేదమ్మా. ఆంధ్రప్రదేశ్‌లో ఆ రౌండ్ సర్వే జరిగింది 2019 రెండో సగంలో. తిరుపతి జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. డేటాలో ఉన్నది పాత 13 జిల్లాలే. అప్పుడు ఏర్పడిన మీ జిల్లాలో ఒక ముక్క పాత చిత్తూరు, ఇంకో ముక్క గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి ఉన్న పాత నెల్లూరు. పాత చిత్తూరు అంకెను తెచ్చి ‘తిరుపతి జిల్లా’ అని శీర్షిక పెడితే అందులో మదనపల్లె, కుప్పం కలిసిపోతాయి, సూళ్ళూరుపేట జారిపోతుంది. వైవాలో మొదట పట్టుకునేది దీన్నే.

జీపీఎస్ ఫైలు ఉంది కదా, మండలాల వారీగా విడదీద్దాం అని కొందరు ప్రయత్నిస్తారు. అదీ కుదరదు. గోప్యత కోసం ఆ బిందువులను కావాలనే జరిపి ఇస్తారు: పట్టణాల్లో 2 కిలోమీటర్ల దాకా, పల్లెల్లో 5 కిలోమీటర్ల దాకా, పల్లె క్లస్టర్లలో (సర్వేకు ఎంచుకున్న ఊళ్ళలో) నూటికి ఒకటి 10 కిలోమీటర్ల దాకా. చంద్రగిరిలో కనిపించే చుక్క నిజానికి పక్క మండలంలోది కావచ్చు.

పాత చిత్తూరు అంకెనైనా జాగ్రత్తగా వాడాలి. రాష్ట్రం మొత్తం మీద ఇంటర్వ్యూ చేసిన 15–49 ఏళ్ళ స్త్రీలు 10,975 మంది. 13 జిల్లాలకు పంచితే సగటున 840 చిల్లర. అందులో 20–24 ఏళ్ళ వాళ్ళు ఆరో వంతు అనుకుంటే 140 మంది. రాష్ట్రంలో 20–24 ఏళ్ళ స్త్రీలలో 18 నిండకముందే పెళ్ళయినవాళ్ళు 29.3 శాతం. అదే శాతం 140 మంది మీద వస్తే, ఒకే ఊరివాళ్ళు ఒకరినొకరు పోలి ఉండటం వల్ల వచ్చే క్లస్టర్ ప్రభావం 1.5గా తీసుకున్నప్పుడు అటూ ఇటూ 9 పాయింట్ల తేడా ఉంటుంది. అసలు విలువ 20 కావచ్చు, 38 కావచ్చు. ఒక జిల్లాలో 27, పక్క జిల్లాలో 32 ఉంటే ‘పక్క జిల్లా వెనకబడింది’ అని రాయడానికి ఆధారం లేదన్నమాట.

మీకు కావలసిన రెండు సూచికలు వేరువేరు, కలపకండి. 29.3 అనేది 20–24 ఏళ్ళ వాళ్ళను వెనక్కి తిరిగి చూసి అడిగినది. 15–19 ఏళ్ళ వాళ్ళలో సర్వే నాటికే తల్లులైనవాళ్ళు, గర్భంతో ఉన్నవాళ్ళు కలిపి 12.6 శాతం, అది ఇంకో సూచిక. ‘రాష్ట్రంలో పుట్టే బిడ్డల్లో 12.6 శాతం చిన్న వయసు తల్లులకే’ అని రాసిన థీసిస్‌లు తిరుగుతున్నాయి. అది పూర్తిగా తప్పు. ఇక్కడ హారం ఆ వయసు ఆడపిల్లలందరూ, కాన్పులు కాదు.

హారంలో జరిగే ఇంకో పొరపాటు, పెళ్ళయినవాళ్ళను మాత్రమే తీసుకోవడం. 20–24లో పెళ్ళికానివాళ్ళు కూడా హారంలో ఉండాలి. వాళ్ళను తీసేస్తే శాతం ఒక్కసారిగా పైకి లేస్తుంది, ప్రచురించిన అంకెతో ఎంతకీ కలవదు.

ఫైళ్ళలో మీకు కావలసింది స్త్రీల ఫైలు, ‘ఐఆర్’ అని ఉంటుంది. వయసు వి012. మొదటి కాన్పు వయసు వి212. ప్రస్తుతం గర్భమా కాదా వి213. వి511 కాపురం మొదలైన వయసు, మన దేశపు ఫైల్లో పెళ్ళి వయసుకు విడిగా ఇంకో చరరాశి ఉంటుంది. ఏది వాడారో తప్పకుండా రాయండి. ఒక్కో స్త్రీ జవాబుకు ఎంత బరువు ఇవ్వాలో చెప్పే వెయిట్ వి005, దాన్ని 10 లక్షలతో భాగించి వాడాలి. స్టాటా అనే లెక్కల సాఫ్ట్‌వేర్ అయితే ఎస్‌వీవై సెట్‌లో వి021ని క్లస్టర్‌గా, వి022 లేదా వి023ని శాంపిల్ తీయకముందే విడదీసిన వర్గం, అంటే స్ట్రాటమ్‌గా పెట్టండి. ఆర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ‘సర్వే’ ప్యాకేజీ ఇదే పని ఉచితంగా చేస్తుంది. వెయిట్ మాత్రం పెట్టి క్లస్టర్ మరిచిపోతే శాతం సరిగ్గానే వస్తుంది గానీ ఎర్రర్ బాగా చిన్నదిగా కనిపించి, లేని తేడాలన్నీ ఉన్నట్టు తేలతాయి.

ముందుగా 29.3ను మీ చేత్తో రాబట్టండి. అది వచ్చేదాకా ఇంకో పట్టిక వేయొద్దు.

పల్లె_సర్వే:

లెక్కల సంగతి పై సారు చెప్పారు. నేను అంతకన్నా ముందరి సంగతి చెప్తాను, దయచేసి సినాప్సిస్ టైపు చేయకముందే చదువు తల్లీ.

15–18 ఏళ్ళ గర్భిణులను 200 మందిని వెతికి పట్టుకుని అడగడం అన్న ఆలోచన వదిలెయ్యి. 18 నిండని పిల్ల గర్భంతో ఉందంటే, పెళ్ళయినా కాకపోయినా, చట్టం దృష్టిలో అది పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం, కిందికి వచ్చే నేరం. భార్య అయినా 18 లోపు అయితే మినహాయింపు లేదని సుప్రీంకోర్టు 2017 అక్టోబరులోనే చెప్పింది. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసుకు చెప్పాల్సిందే. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అంటే నువ్వు నింపిన ఒక్కో ఫారం ఒక్కో ఫిర్యాదు కావాలి. అంగీకార పత్రంలో ‘మీ వివరాలు ఎవరికీ చెప్పం’ అని రాసి సంతకం తీసుకుంటే అది నువ్వు నిలబెట్టుకోలేని మాట.

ఆ పిల్ల వైపు నుంచి ఆలోచించు. ఆశ అక్క నిన్ను వెంటబెట్టుకుని వీధిలో నడిచి ఒక ఇంటి ముందు ఆగితే చాలు, ఏం విషయమో ఊరికంతా తెలిసిపోతుంది. ఊళ్ళో సచివాలయం ఉంది, అందులో మహిళా పోలీసు ఉంది. భయపడిన ఇంటివాళ్ళు చెకప్‌లకు పంపడం మానేస్తారు, పిల్లను వేరే ఊరికి తరలిస్తారు. రక్తహీనత ఉన్న 16 ఏళ్ళ పిల్ల ఆసుపత్రికి దూరమైతే ఆ నష్టం ఏ థీసిస్‌తోనూ పూడదు.

ఆసుపత్రి రిజిస్టర్ నుంచి పేర్లు తీసుకోవడం కూడా వద్దు. చికిత్స కోసం ఇచ్చిన వివరాలు అవి, పరిశోధనకు ఇచ్చినవి కావు. పైగా తిరుపతి ప్రసూతి ఆసుపత్రికి చుట్టుపక్కల జిల్లాల నుంచి క్లిష్టమైన కేసులు పంపిస్తారు. అక్కడి కాన్పుల్లో ఎంత శాతం చిన్న వయసు తల్లులో లెక్కేస్తే అది ఆసుపత్రి సంగతి అవుతుంది గానీ జిల్లా సంగతి కాదు.

మరి ఎవరిని అడగాలి? 20–24 ఏళ్ళ స్త్రీలను. పెళ్ళయినవాళ్ళను, కానివాళ్ళను అందరినీ. ‘మీకు పెళ్ళి ఎప్పుడయింది, మొదటి కాన్పు ఎప్పుడు’ అని వెనక్కి అడుగు. వాళ్ళు మేజర్లు, తమ అంగీకారం తామే ఇవ్వగలరు. పైగా లెక్క కూడా సరిగ్గా వస్తుంది. 15 ఏళ్ళ పిల్లకు ఇంకా మూడేళ్ళ గడువు ఉంది, ఆమెకు 17లో పెళ్ళవుతుందో లేదో ఇవాళ నీకు తెలియదు. 20 నిండినామెకు ఆ గడువు దాటిపోయింది, జవాబు ఖాయం.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాచకుండా చెప్పాలి. 22 ఏళ్ళామె ‘16లో కాన్పు అయింది’ అంటే అది కూడా అప్పటి నేరాన్ని చెప్పినట్టే. అందుకే పేరు, ఆధార్, ఫోన్ నంబరు, ఇంటి నంబరు ప్రశ్నావళిలో ఉండకూడదు. ఇళ్ళ జాబితా వేరే కాగితం, ఇంటర్వ్యూలు ముగిసిన రోజే చింపెయ్యాలి. భర్త ఎవరు, వయసెంత, ఏం బలవంతం జరిగింది అనే ప్రశ్నలు నీ విషయానికి అక్కర్లేదు, పెట్టొద్దు. ఈ మెలికను ఎథిక్స్ కమిటీకి నువ్వే రాసి చూపించు, వాళ్ళు ఏం చెప్తే అది చెయ్యి. మీ విభాగానికి కమిటీ లేకపోతే వేరే సంస్థ కమిటీతో ఒప్పందం మీద అనుమతి తీసుకోవచ్చు, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు ఒప్పుకుంటాయి. మూడు వారాల్లో అనుమతి రాదు, సినాప్సిస్‌తో పాటే అర్జీ పెట్టు.

చేతి సంచిలో ఎప్పుడూ ఒక చీటీల కట్ట ఉంచుకో: 181 మహిళా హెల్ప్‌లైన్, 1098 పిల్లల హెల్ప్‌లైన్, దగ్గరి పీహెచ్‌సీ పేరు, జిల్లా సఖి కేంద్రం చిరునామా. అడిగిన ప్రతి ఒక్కరికీ ఇవ్వు, అవసరం ఉన్నట్టు కనిపించినవాళ్ళకే ఇస్తే పక్కింటివాళ్ళు కనిపెట్టేస్తారు.

రేణిగుంట_విద్యార్థిని:

అక్కా, చాలా థాంక్స్. మైనర్ల సంగతి ఇంత లోతుగా ఆలోచించలేదు. 20–24కి మార్చేస్తున్నాను. రెండు సందేహాలు. ఒకటి, ఆ వయసువాళ్ళు పెళ్ళి వయసు నిజం చెప్తారా? అందరూ 18 అనే అంటారేమో. రెండు, శాంపిల్ ఎంతో ఇంకా అర్థం కాలేదు. ఫార్ములాలో 29 శాతం, అటూ ఇటూ 5 పాయింట్ల తేడా పెడితే 317 వచ్చింది, క్లస్టర్ల వల్ల 1.5తో హెచ్చించి, 10 శాతం మంది దొరకరని 0.9తో భాగిస్తే 528. అంటే 22 ఊళ్ళు, ఊరికి 24 మంది. ఇది సరేనా?

లెక్కల_పలక:

317 సరిగ్గానే వేశారు. 1.96 × 1.96 × 0.29 × 0.71 ÷ (0.05 × 0.05) అంటే 316.4. తర్వాతి మెట్టులో తప్పుంది. 1.5 అనేది తెచ్చి అతికించే సంఖ్య కాదు, ఊరికి ఎంతమందిని తీసుకుంటున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. సూత్రం: 1 + (ఊరికి మంది − 1) × రో. రో అంటే ఒకే ఊరివాళ్ళు ఒకరినొకరు పోలి ఉండే కొలత. రో 0.03 అనుకుంటే, 24 మందికి 1.69 వస్తుంది, 18 మందికి 1.51. మీ 22 × 24లో 528 చాలదు, 594 కావాలి. బాల్య వివాహం కులాన్ని, ఊరి ఆచారాన్ని బట్టి గుంపులుగా ఉంటుంది కాబట్టి రో ఇంకా ఎక్కువ ఉన్నా ఆశ్చర్యం లేదు.

అయినా ఒక్క మనిషి 528 ఇంటర్వ్యూలు చేయడం జరిగే పని కాదు. ఆ వయసు స్త్రీ ప్రతి ఇంట్లో ఉండదు, సుమారు ఆరిళ్ళకు ఒకరు దొరుకుతారు. 18 మంది కావాలంటే 110–120 ఇళ్ళు ముందు జాబితా వేయాలి, దానికే ఒక రోజు పోతుంది. తర్వాత రోజుకు ఆరు ఇంటర్వ్యూలంటే మూడు రోజులు. ఊరికి నాలుగు రోజులన్నమాట.

నా మాట వింటే కచ్చితత్వం 5 నుంచి 7 పాయింట్లకు సడలించండి. 0.05 బదులు 0.07 పెడితే 161.4. దాన్ని 1.5తో హెచ్చిస్తే 242, 0.9తో భాగిస్తే 269. 15 ఊళ్ళు, ఊరికి 18 మంది, 270. 60 రోజుల పని, తోడుగా ఇంకొకరుంటే 30. జిల్లా మొత్తం అనకుండా రెండు మూడు మండలాలకు పరిమితం చేసి, ఆ మండలాల పేర్లు శీర్షికలోనే పెట్టండి.

ఊళ్ళను ‘బస్సు సౌకర్యం ఉన్నవి’ అని ఎంచుకోవద్దు. మండలాల్లోని ఊళ్ళన్నీ 2011 జనాభాతో వరసగా రాసి, పక్కన మొత్తాలు కూడుకుంటూ పొండి. ఆఖరి మొత్తాన్ని 15తో భాగిస్తే అంతరం. 1కీ ఆ అంతరానికీ మధ్య లాటరీగా ఒక సంఖ్య తీసి, దానికి అంతరం కలుపుకుంటూ పోతే ఏ ఊరి మొత్తంలో పడుతుందో అది మీ ఊరు. 300 ఇళ్ళు దాటిన ఊరిని ముక్కలు చేసి ఒక ముక్క లాటరీ తీయండి. ఎస్సీ కాలనీ, యానాదుల కాలనీ ఊరికి అవతల విడిగా ఉంటుంది, పటం గీసేటప్పుడు అది కాగితం అంచు దాటి పోకుండా చూసుకోండి. ఎక్కువగా తప్పిపోయేది అదే, అక్కడే పెళ్ళి వయసు వేరుగా ఉండే అవకాశం ఎక్కువ.

సత్యవేడు, వరదయ్యపాలెం వైపు మండలాలు తీసుకుంటే ఇంకో చిక్కు. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పనిచేసే 20–24 ఏళ్ళ ఆడపిల్లలు చాలామంది హాస్టళ్ళలో ఉంటారు, ఎక్కువమంది పెళ్ళికానివాళ్ళు. ఇళ్ళు మాత్రమే తిరిగితే వాళ్ళు హారంలోంచి పోయి, బాల్య వివాహ శాతం ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. హాస్టళ్ళను విడి క్లస్టర్లుగా కలపండి, లేదంటే ‘ఇళ్ళలో నివసించేవారు మాత్రమే’ అని పరిమితి స్పష్టంగా రాయండి.

పల్లె_సర్వే:

వయసు నిజం చెప్తారా అన్నావు. నేరుగా ‘పెళ్ళి వయసెంత’ అంటే 18 అనే గుట్ట పడుతుంది, నీ అనుమానం సరైనదే. చట్టం తెలుసు, పథకాలకు 18 నిండాలనీ తెలుసు. ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటే దాన్ని అసలు తేదీగా నమ్మకు, సంవత్సరం మాత్రమే తెలిసినవాళ్ళకు అట్లా పడుతుంది. పదో తరగతి సర్టిఫికెట్ ఉంటే అది మేలు.

వయసు అడక్కుండా వరస అడుగు. ఏ తరగతిలో బడి మానేశావు, పెద్దమనిషి అయింది ఏ తరగతిలో, మానేసిన ఎన్నాళ్ళకు పెళ్ళి, పెళ్ళయిన ఎన్నాళ్ళకు అత్తగారింటికి వెళ్ళావు, మొదటి కాన్పుకు ఏ నెలలో పుట్టింటికి వచ్చావు. తర్వాత ఆ ఊరికి తగ్గ సంఘటనల పట్టిక పక్కన పెట్టుకుని గుచ్చి అడుగు: 2019 ఎన్నికలకు ముందా తర్వాతా, 2020 లాక్‌డౌన్‌లో నువ్వెక్కడున్నావు, 2021 నవంబరు వరదలప్పుడు బిడ్డ పుట్టిందా, కడుపులో ఉందా, 2022లో కొత్త జిల్లా వచ్చాకనా. తిరుపతి చుట్టుపక్కలైతే గంగ జాతరను గుర్తుగా పట్టుకుంటే నెల కూడా తేలుతుంది, జాతర మే నెలలో వస్తుంది కాబట్టి. పెద్ద బిడ్డ ఎంసీపీ కార్డు, అంటే తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు, చూపించమను, అందులో కాన్పు తేదీ ఉంటుంది. అక్కడినుంచి వెనక్కి లెక్కేస్తే చాలాసార్లు ‘18లో పెళ్ళి’ అన్నది 16కో 17కో దిగుతుంది. రెండు జవాబులూ రాసుకో. ముందు చెప్పింది, తర్వాత తేలింది. ఆ తేడానే నీ డిసర్టేషన్‌లో ఒక పట్టిక.

పుట్టింటి సంగతి శాంపిల్‌లో కూడా వస్తుంది. మన దగ్గర మొదటి కాన్పుకు ఏడో నెల నుంచే పుట్టింటికి వచ్చేస్తారు, బిడ్డకు మూడో నెలో ఐదో నెలో వచ్చేదాకా ఉంటారు. ‘ఈ ఇంటి మనుషులు ఎవరు’ అంటే అత్తగారింట్లో ‘కోడలు ఊర్లో లేదు’ అంటారు, పుట్టింట్లో ‘అమ్మాయిది వేరే ఊరు’ అంటారు. రెండు చోట్లా జారిపోయేది సరిగ్గా నీకు కావలసిన మనిషే. అందుకని ‘నిన్న రాత్రి ఈ ఇంట్లో పడుకున్నవాళ్ళు ఎవరు’ అని అడుగు, వాళ్ళనే తీసుకో. ఎన్ఎఫ్‌హెచ్‌ఎస్ శాతాలు కూడా ఆ లెక్క ప్రకారమే.

మాటల విషయం. ఇంగ్లీషు ప్రశ్నావళిని తర్జుమా చేస్తే ‘మీరు ఎన్నిసార్లు గర్భం ధరించారు’ అని వస్తుంది, పరీక్ష పేపరు చదివినట్టు ఉంటుంది. ‘ఎన్ని కాన్పులమ్మా’ అంటే బతికి ఉన్న పిల్లలనే చెప్తారు. అందుకని విడివిడిగా: నీ దగ్గర ఉన్న పిల్లలు, వేరే చోట పెరుగుతున్న పిల్లలు, పుట్టి పోయిన బిడ్డ, ఏడ్చో కదిలో వెంటనే పోయినా సరే, చివరగా నిలవకుండా పోయిన కడుపులు. ‘అబార్షన్’ అన్న మాట తెచ్చావంటే తానుగా పోయిందీ, తీయించుకున్నదీ రెండూ అందులోనే కలుస్తాయి. ‘పెద్దాపరేషన్’ అంటే ఒకరికి సిజేరియన్, ఇంకొకరికి గర్భసంచి తీసెయ్యడం. ‘ఆపరేషన్ అయింది’ అని ఊరుకుంటే అది పిల్లలు పుట్టకుండా చేయించుకున్నదే అయి ఉంటుంది, అయినా ‘ఏ ఆపరేషన్’ అని మళ్ళీ అడుగు. గర్భం రాకుండా వేసే అంతర ఇంజక్షన్‌ని టీటీ ఇంజక్షన్ అనుకుంటారు. పేర్లు చదివి వినిపించకుండా మాలా-డి, ఛాయా గర్భనిరోధక మాత్రల అట్టలు చేతిలో పెట్టి చూపించు.

సత్యవేడు, నాగలాపురం, పుత్తూరు వైపు ఇళ్ళలో తమిళం మాట్లాడతారు. బయట తెలుగులో నవ్వుతూ జవాబు చెప్పే అమ్మాయి ఈ విషయాలు తమిళంలోనే చెప్పగలదు. ఆ ఊళ్ళకు తమిళం వచ్చిన స్నేహితురాలు తోడుండాలి.

ఇంటర్వ్యూ మధ్యలో అత్త వచ్చి గడపలో కూర్చుంటే ఏం చేస్తావో ముందే అనుకో. ప్రశ్నావళి మధ్యలో టీకాలు, పాలు పట్టడం మీద నాలుగు ప్రశ్నల కాగితం ఒకటి పెట్టుకుని, ఆమె రాగానే అటు తిప్పు. ఆమె వెళ్ళాక మళ్ళీ వెనక్కి రా. వెళ్ళకపోతే అక్కడితో ఆపి, ‘పూర్తి కాలేదు’ అని రాసుకుని వచ్చెయ్యి. బలవంతాన నింపిన ఫారం కన్నా ఖాళీ ఫారం మేలు.

గణన_సోపానం:

ఆఖరి ప్రశ్న, పీజీ తర్వాత దారి. దానికి నా జవాబు.

పాపులేషన్ స్టడీస్, పబ్లిక్ హెల్త్ రెండూ ఒకటే అనుకుని చాలామంది తికమక పడతారు. మొదటిది లెక్క పెట్టడం నేర్పుతుంది: జీవిత పట్టిక, సంతాన రేటు, వలస, వయసుల పొందిక. రెండోది వ్యాధి, వైద్య సేవలు, కార్యక్రమ నిర్వహణ నేర్పుతుంది. కుటుంబ, పునరుత్పత్తి ఆరోగ్యం ఈ రెండింటి సరిహద్దులో ఉంటుంది. అమెరికాలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ బ్లూమ్‌బెర్గ్ స్కూల్‌లో ఈ మూడూ కలిపిన పేరుతోనే ఒక విభాగం ఉంది: జనాభా, కుటుంబ, పునరుత్పత్తి ఆరోగ్యం. అక్కడ ఏడాదిని ఎనిమిదేసి వారాల నాలుగు టర్ములుగా నడుపుతారు. బయోస్టాటిస్టిక్స్‌లో రెండు వారాలు వెనకబడ్డారంటే టర్ములో పావు భాగం పోయినట్టే. అటు చూసేవాళ్ళు గణితం ఇక్కడే గట్టి చేసుకోవాలి.

మన దేశంలో ముంబయి దేవనార్‌లోని ఐఐపీఎస్ (అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ) ఈ సబ్జెక్టుకు పెద్ద బడి. 1956లో మొదలైంది, 1985లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది, ఎన్ఎఫ్‌హెచ్‌ఎస్ నడిపేది అదే. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్ర ఆరోగ్య శాఖ కింది జనాభా పరిశోధన కేంద్రం ఉంది. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే యూజీసీ నెట్‌లో ‘పాపులేషన్ స్టడీస్’ విడి సబ్జెక్టుగా ఉంది, దానికి ఇప్పటినుంచే చదవండి. 2024 నుంచి నెట్ స్కోరు పీహెచ్‌డీ ప్రవేశాలకూ పనికొస్తోంది. మీకు పల్లెకు వెళ్ళి కార్యక్రమం నడపాలని ఉంటే పబ్లిక్ హెల్త్ పీజీ అయిన ఎంపీహెచ్, కూర్చుని దత్తాంశంతో కుస్తీ పట్టడం ఇష్టమైతే పీహెచ్‌డీ. మీరు అడిగిన ప్రశ్నల తీరు చూస్తే రెండోదే మీకు నప్పుతుందనిపిస్తోంది. 317ను ఎవరూ చెప్పకుండా మీరే వేసుకొచ్చారు కదా.

స్టాటిస్టిక్స్ బలహీనం అన్నారు. ఒకే ఒక్క అభ్యాసం చెప్తాను, కంప్యూటర్ లేకుండా చేయండి. ఇవి సాధన కోసం వేసిన అంకెలే. వెయ్యి మంది స్త్రీలకు ఏడాదికి కాన్పులు 15–19లో 45, 20–24లో 150, 25–29లో 100, 30–34లో 30, 35–39లో 8, 40–44లో 2, 45–49లో సున్నా. కూడితే 335. ఒక్కో వర్గంలో అయిదేళ్ళు కాబట్టి 5తో హెచ్చించి 1,000తో భాగిస్తే 1.675. ఎన్ఎఫ్‌హెచ్‌ఎస్-5లో మన రాష్ట్రపు మొత్తం సంతాన రేటు, అంటే ఒక్కో స్త్రీకి జీవితకాలంలో సగటు బిడ్డలు, 1.7, దాదాపు ఇదే. 5తో హెచ్చించడం మరిచిపోయి 0.335 అని రాసేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

అసలు కష్టం హారంలో ఉంది. ఇవాళ 20 ఏళ్ళ 6 నెలలున్న స్త్రీని తీసుకోండి. గత 36 నెలల లెక్కలో ఆమె 30 నెలలు 15–19 వర్గంలో గడిపింది, 6 నెలలు 20–24లో. ఆమెను మొత్తంగా 20–24లో వేస్తే చిన్న వయసు వర్గం హారం తరిగిపోతుంది. బిడ్డను కూడా కాన్పు నాటి తల్లి వయసు ప్రకారమే వేయాలి, ఇంటర్వ్యూ నాటి వయసు ప్రకారం కాదు. ఇలాంటి పది మంది స్త్రీలను కాగితం మీద గీతలుగా గీసి నెలలు లెక్కపెట్టి చూడండి. వయసునూ కాలాన్నీ కలిపి గీతలుగా చూపే లెక్సిస్ పటం ఎందుకు కనిపెట్టారో ఆ పూటే అర్థమవుతుంది.

మీ విషయం మీద ఒక సూచన. పెళ్ళి వయసు దగ్గరే ఆగకండి. అదే సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్ళయిన స్త్రీలలో 69.6 శాతం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే, కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం కోసం వాడే పద్ధతులు ఇంచుమించు లేవు. చిన్న వయసులో పెళ్ళి, వెంటవెంటనే రెండు కాన్పులు, వెంటనే ఆపరేషన్: మొత్తం సంతాన జీవితం కొన్నేళ్ళలోకి ముడుచుకుపోతుంది. మీ 270 మందిలో ఒక్కొక్కరికీ పెళ్ళి నుంచి మొదటి కాన్పుకు ఎన్ని నెలలు, మొదటి నుంచి రెండో కాన్పుకు ఎన్ని, అక్కడినుంచి ఆపరేషన్‌కు ఎన్ని అని మూడు అంతరాలు రాసుకోండి. ఇంకా రెండో కాన్పు కానివాళ్ళను తీసెయ్యకండి, వాళ్ళ అంతరం ‘ఇంతవరకు’ అని రాయండి. కప్లాన్–మేయర్ పద్ధతి వాళ్ళనూ లెక్కలోకి తీసుకుంటుంది. తీసేస్తే తొందరగా కన్నవాళ్ళే మిగిలి, అంతరం అసలుకన్నా చిన్నదిగా తేలుతుంది.

స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను 2024 నవంబరులో శాసనసభ ఎత్తేసింది. జననాలు తగ్గిపోతున్నాయన్న మాట ఇప్పుడు రాష్ట్రంలో గట్టిగా నడుస్తోంది. ఆ చర్చలో 17 ఏళ్ళకు పెళ్ళయి 22కు ఆపరేషన్ అయిన స్త్రీ ఊసు ఎక్కడా లేదు. సినాప్సిస్‌లో ‘ఆవశ్యకత’ అన్న పేరా అక్కడినుంచి మొదలుపెట్టండి.

రేణిగుంట_విద్యార్థిని:

సార్, అక్కా, అందరికీ కృతజ్ఞతలు. ఏర్పేడు, శ్రీకాళహస్తి మండలాలు తీసుకుంటున్నాను. 2011 ఊళ్ళ జాబితా ఈ రాత్రికే వరస పెడతాను. 29.3 వచ్చాక ఇక్కడే రాస్తాను.

లెక్కల_పలక:

మంచిది. శ్రీకాళహస్తి పట్టణాన్ని పల్లెలతో కలిపి ఒకే జాబితాలో వేయకండి, వార్డులకు విడి జాబితా వేసుకోండి. 15 క్లస్టర్లను రెండింటికీ జనాభా నిష్పత్తిలో పంచండి.